మనుమని ముఖదర్శనము తరువాత: ఓరుగల్లు పెద్దల పరదేశవాసము

వళులు పడిన దేహము, నెరసిన శిరస్సు, సంతానమునకు కలిగిన సంతానము: ఈ మూడింటిని చూచిన గృహస్థుడు అరణ్యమును ఆశ్రయింపవలెనని మనుస్మృతి షష్ఠాధ్యాయము విధించుచున్నది. మొదటి రెండు గుర్తులను అద్దము చూపును; రంగు పూసి కొంతకాలము దాచవచ్చును. మూడవది దాగునది కాదు. శాస్త్రదృష్టిలో మనుమని ముఖము బయలుదేరుటకు మ్రోగిన గంట. ఓరుగల్లులో నేడును ఆ గంట మ్రోగుచునే యున్నది. అయితే దానిని విన్న పెద్దలు వనమునకు కాక వీసా కార్యాలయమునకు బయలుదేరుచున్నారు.

ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. 1959లో ఈ నగరమునకు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల వచ్చినది. అదే నేటి ఎన్.ఐ.టి. కాకతీయ వైద్య కళాశాల కూడ ఆ యేటిదే. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. అరువది సంవత్సరములుగా ఈ విద్యాలయముల ద్వారములు ఒకవైపు హనుమకొండకును, మరియొకవైపు అమెరికాకును తెరచుకొని యున్నవి. పిల్లలను చదివించిన తల్లిదండ్రులకు ఉద్యోగవిరమణ నాటికి ఇక్కడ మిగులునది రెండు పడకగదుల ఇల్లు, పింఛను, సాయంకాలమున భద్రకాళి చెరువు కట్టమీద నడక. ఇంతలో అక్కడ శిశూదయము. ఆరు మాసములు ఒకరి వద్ద, తిరిగి వచ్చి మరల ఆరు మాసములు ఇంకొకరి వద్ద. వానప్రస్థమునకు విధింపబడిన వయస్సులో రెండవ గార్హస్థ్యము ఆరంభమగుచున్నది.

పింఛను మీద పరదేశమున సుఖముగా జీవించుట సాధ్యమా అను ప్రశ్న ఇక్కడ తలయెత్తును. లెక్క మొదట చూడవలెను. వేదాంతము లెక్కకు శత్రువు కాదు. వృద్ధుల పొదుపు పథకములో ఒక వ్యక్తి ఉంచదగిన గరిష్ఠ ధనము 2023లో 30 లక్షలకు పెంచబడినది. 8.2 శాతము వడ్డీపై అది మూడు మాసములకు 61,500 రూపాయలు, అనగా నెలకు 20,500 రూపాయలు ఇచ్చును. జీవితాంతము పొదుపు చేసిన ఒక మధ్యతరగతి ఉద్యోగికి ఇది గౌరవప్రదమైన మొత్తము. హనుమకొండలో దానితో దంపతులు తలయెత్తుకొని జీవింపగలరు. అదే ధనము సముద్రము దాటిన క్షణమున 250 డాలర్లకు లోపు పడిపోవును. సందర్శక వీసాపై వెళ్ళినవారి ఆరోగ్య బీమా పూర్వవ్యాధుల విషయమున సాధారణముగా అనేక పరిమితులు పెట్టును. శాశ్వత నివాసపత్రము పొందిన పెద్దలకైనను, అక్కడ ఉద్యోగము చేసిన చరిత్ర లేనిచో, అయిదు సంవత్సరముల నిరంతర నివాసము పిదపనే ప్రభుత్వ వృద్ధవైద్య బీమాను కొనుక్కొను అర్హత కలుగును. పైగా విదేశీ నివాసి అయినవాడు ఇక్కడి వృద్ధుల పొదుపు పథకములో క్రొత్త ఖాతా తెరువలేడు.

కాబట్టి అక్కడ సుఖముగా నున్న పెద్దలు తమ పింఛను మీద సుఖముగా లేరు. పుత్రుని సంపాదన మీద ఉన్నారు. ఇది నింద కాదు, లెక్క మాత్రమే. అయితే ఈ లెక్కలోనే ధర్మప్రశ్న దాగియున్నది. ఆ ప్రశ్నను మొట్టమొదట అడిగినవాడు విదురుడు.

ఓరుగల్లు సీమలోని బమ్మెరకు చెందిన పోతనామాత్యుడు తెనిగించిన భాగవత ప్రథమ స్కంధములోనే ఆ ఘట్టమున్నది. కురుక్షేత్ర యుద్ధము ముగిసినది. నూరుగురు పుత్రులను పోగొట్టుకొన్న ధృతరాష్ట్రుడు ధర్మరాజు గృహమున సకల మర్యాదలతో నివసించుచున్నాడు. భోజనమునకు లోటు లేదు, శయ్యకు లోటు లేదు, నమస్కారములకును లోటు లేదు. తీర్థయాత్రలు చేసి తిరిగివచ్చిన విదురుడు అన్నగారిని చూచి ఓదార్చలేదు, గద్దించినాడు. ఎవరికి విషము పెట్టించితివో, ఎవరి భార్యను సభలో అవమానింపజేసితివో, వారు పెట్టు ముద్దతో ఈ ప్రాణమును నిలుపుకొనుట ఎందుకని అడిగినాడు. భీముడు పెట్టు పిండమునకు ఎదురుచూచు అన్నగారిని ఇంటిని కాచు శునకముతో పోల్చినాడు. ఆ రాత్రియే వృద్ధుడు గాంధారీ సమేతుడై, ఎవరికిని చెప్పక ఉత్తరదిశగా వెడలిపోయినాడు.

ఇక్కడ చాలమంది ప్రవచనకారులు భీముని కాఠిన్యమును వర్ణించి ఆగిపోవుదురు. నిజమునకు గమనింపవలసినవాడు ధర్మరాజు. అంతకంటె మంచి కుమారుడు ఏ తండ్రికి లభించును? అయినను ఆ ఇంట ధృతరాష్ట్రునకు శాంతి లేదు. దోషము పోషించినవానిది కాదు. పోషింపబడుటయే జీవనాధారమైన స్థితిది. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో కుమారుని ఇంటి క్రింది గదిలో కూర్చున్న ఓరుగల్లు పెద్దమనిషికి కోడలు ఏమియు అనలేదు, కుమారుడు ఏమియు అనలేదు. అయినను దేవాలయమునకు వెళ్ళుటకు శనివారము వరకు, అనగా కుమారునకు కారు నడుపు తీరిక దొరకువరకు, వేచియుండవలెను. ముప్పది సంవత్సరములు పాఠశాలలో గంట కొట్టించినవాడు ఇప్పుడు ఇంకొకరి గంటకు లేచును. అతని ధర్మపత్ని మాటయో! అతనికి కనీసము విశ్రాంతి యున్నది. ఆమెకు పాలసీసాలు, వంట, బట్టలు, ఎత్తుకొనుట. ముప్పదేండ్ల క్రిందట ముగిసినదనుకొన్న సమస్త కర్మకాండ మరల ఆరంభము. నడుమునొప్పి మందులు ఇక్కడి నుండియే కట్టుకొని వెళ్ళును.

మనుమలను పెంచుట అధర్మమని ఎవరును అనరాదు. అది ఋణానుబంధము, ప్రేమతో చేసినచో తపస్సే. అయితే దానికి గార్హస్థ్యమని పేరు పెట్టవలెను గాని, విశ్రాంత జీవనమని పేరు పెట్టరాదు. ఆశ్రమముల పేర్లు మార్చుకొన్నచో ఫలములు కూడ మారిపోవును; సాధనకు దాచుకొన్న చివరి పదునైదు సంవత్సరములు ఎటు పోయినవో తెలియకయే గడచిపోవును.

దీనికి ప్రతివాదము శాస్త్రములోనే కలదు. దానిని దాచిపెట్టుట న్యాయము కాదు. అదే మనుస్మృతి షష్ఠాధ్యాయము చివర, సర్వకర్మలను సన్న్యసించి, వేదాభ్యాసపరుడై, పుత్రుని ఐశ్వర్యమున సుఖముగా నివసింపవచ్చునని ఇంకొక మార్గమును అనుమతించినది. సుఖమను పదమునే అక్కడ స్మృతికారుడు వాడినాడు. కావున పుత్రగృహవాసము నిషిద్ధము కాదు. కాని దానికి ముందు పెట్టిన షరతును చదువకుండ ఫలమును మాత్రమే చదువుట మన అలవాటు. షరతు కర్మసన్న్యాసము. అనగా కోడలి వంటలో ఉప్పు ఎంతయో చెప్పు అధికారమును వదలవలెను. మనుమనికి ఏ భాష నేర్పవలెనో నిర్ణయించు అధికారమును వదలవలెను. వారి ఇంటి కొనుగోలులో సలహాను అడుగనిదే ఈయరాదు. అట్లే ఆ ఇంటి వారును అతనిని జీతము లేని కాపరిగా నియమింపరాదు. ఈ రెండు షరతులును నెరవేరిన ఇంటిలో, అది హనుమకొండలో నున్నను టెక్సాస్‌లో నున్నను, ఆ పెద్దలు శాస్త్రసమ్మతముగానే సుఖముగా నున్నారు. అట్టి ఇండ్లు ఉన్నవి. అరుదు.

ఇక ధృతరాష్ట్రునితో కలిసి వనమునకు వెళ్ళిన వేరొక వ్యక్తిని తలచుకొనవలెను. ఆమె కుంతి. ఆమెను ఎవరును అవమానింపలేదు. జీవితమంతయు దుఃఖించి, ఆఖరికి కుమారులు సింహాసనమెక్కిన వేళ, రాజమాతగా సుఖింపవలసిన వేళ, ఆమె బయలుదేరినది. పుత్రులు కాళ్ళమీద పడినారు. భర్త ఏలిన నాడే రాజ్యభోగమును అనుభవించితిననియు, పుత్రులు గెలిచిన రాజ్యఫలమును అనుభవింప కోరననియు ఆమె చెప్పినట్లు భారతములోని ఆశ్రమవాస పర్వము తెలుపుచున్నది. ధృతరాష్ట్రుడు అవమానము వలన వెడలినాడు. కుంతి తృప్తి వలన వెడలినది. పింఛను పుచ్చుకొను ప్రతి గృహస్థునకును ఆదర్శము కుంతియే యగును, ధృతరాష్ట్రుడు కాదు. కొడుకు ఇంట మాట పడినపిదప అలిగి కాశికి వెళ్ళినవాడు, కాశిలో కూడ ఆ మాటనే జపించును.

కాశి అనగానే ఓరుగల్లు పెద్దలకు అది కూడ పరదేశమే. భాష వేరు, రొట్టె వేరు, చలి వేరు. 1830లో చెన్నపట్టణము నుండి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర ముగించుకొని తిరిగివచ్చుటకు పదునైదు మాసములు పట్టినది. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే అను సామెత ఆ దారుల నుండి పుట్టినది. నేడు కాజీపేట కూడలిలో రైలెక్కినవాడు నాగపూర్, ఇటార్సీ, జబల్‌పూర్ల మీదుగా ఒకటిన్నర దినములో గంగను చూడగలడు. జబల్‌పూర్ దాటునపుడు ఒక విషయము స్మరించుకొనదగినది: కాకతీయ ప్రభువులకు దీక్షాగురువులైన గోళకీమఠ శైవాచార్యులు ఆ డాహల మండలము నుండియే దక్షిణమునకు దిగివచ్చినారు. వారికిని ఓరుగల్లు పరదేశమే. అయినను 1261 నాటి మల్కాపుర శాసనము చూచినచో, ఆ పరంపరకు చెందిన విశ్వేశ్వరశంభువు రుద్రమదేవి ఇచ్చిన గ్రామముల ఆదాయముతో మఠమును, అన్నసత్రమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను నడిపిన సంగతి తెలియును. పరదేశము వచ్చినవాడు పుచ్చుకొనుటకు మాత్రమే రాలేదు.

భద్రకాళి చెరువు గట్టు ఉండగా, పద్మాక్షి గుట్ట ఉండగా, వేయిస్తంభముల రుద్రేశ్వరుడు ఉండగా కాశి ఎందుకని అడుగువారున్నారు. సమంజసమైన ప్రశ్నయే. క్షేత్రమహిమలో తేడా లేదని వాదించినను, ఒక తేడా మిగులును. ఓరుగల్లులో విశ్రాంత ఉపాధ్యాయుడు కూరగాయల బజారులో కూడ 'సారు'యే. ప్రతి మలుపులోను ఒక పూర్వ శిష్యుడు, ఒక పాత తగవు, ఒక పెండ్లి పిలుపు. కాశిలో కేదారఘట్టము మెట్లమీద అతడు ఎవరును కాడు. పడవవానికి ఒక 'బాబూజీ' మాత్రమే. వనము యొక్క ప్రయోజనమే అది. చెట్ల కొరకు ఎవరును వనమునకు పోలేదు.

కాశిలో తెలుగువారు దీర్ఘకాలము నివసించుట నూతన విషయము కాదు. మానససరోవర ఘట్టము, పాండే హవేలీ ప్రాంతములలో ఆంధ్రాశ్రమము, కరివేన సత్రము వంటి స్థలములు తెలుగు వంటను, తెలుగు మాటను అందించుచున్నవి. తొమ్మిది మాసముల తొమ్మిది దినముల వాసమును గర్భవాసముతో పోల్చి ఆచరించు సంప్రదాయము మనవారిలో ప్రసిద్ధము. అయితే 2021 డిసెంబరులో విశ్వనాథ ధామము ప్రారంభమైనది మొదలు యాత్రికుల సమ్మర్దము మిక్కిలి పెరిగినది. మందిర సమీపమున చవుకగా గది దొరకునను ఆశ వదలుకొనుట మంచిది. గ్రీష్మమున ఎండ, శీతకాలమున పొగమంచు, భాద్రపదమున ఘట్టములను ముంచు గంగ; ఈ మూడింటిని ఒక్కొక్కసారి అనుభవింపక ఇల్లు అమ్ముకొని వెళ్ళుట వైరాగ్యము కాదు, తొందరపాటు.

నెలకు 20,500 రూపాయలను ఎట్లు పంచుకొనవలెను? భాగవత అష్టమ స్కంధమున శుక్రాచార్యుడు బలికి చెప్పిన విభాగమొకటి ఉన్నది: ధర్మమునకు, కీర్తికి, అర్థవృద్ధికి, కామమునకు, స్వజనమునకు అని ధనమును అయిదు భాగములు చేసినవాడు ఇహపరములలో సుఖించునని. బలి దానిని వినలేదు, అది వేరే కథ. వామనుడు ఎదుట నిలిచినపుడు బడ్జెట్టు వేయువాడు బలి కాడు. మనకు మాత్రము శుక్రుడు పనికివచ్చును. సమభాగములు చేసినచో ఒక్కొక్కటి 4,100 రూపాయలు. భాగములు సమముగా ఉండవలెనని ఆచార్యుడు చెప్పలేదు. వానప్రస్థునకు కీర్తిభాగముతో పని లేదు. ఊరిలో పెండ్లిండ్లకు చదివింపులు, సన్మానసభలకు చందాలు, ఇంటి ముందు కారు, ఇవన్నియు ఆ పద్దులోనివే. ఆ భాగమును గది అద్దెకును ఆహారమునకును కలిపివేసినచో రెండు భాగములగును. మూడవ భాగము అర్థవృద్ధి: దీనిని ఖర్చు చేయరాదు. పథకములో వడ్డీ అయిదు సంవత్సరములు స్థిరముగా ఉండును గాని ధరలు స్థిరముగా ఉండవు. అరువది యేండ్ల నాడు చాలిన వడ్డీ డెబ్బదియైదేండ్ల నాడు చాలదు. అందుచేత వడ్డీలో అయిదవ వంతును మరల మూలధనముగా మార్చుట, ఇది లోభము కాదు, రేపు ఇతరుల మీద భారము పడకుండుటకు చేయు దానము. స్వజనభాగము మందులకును రాకపోకలకును. మిగిలినది ధర్మమునకు.

కాశిలో ఒక కాయను, ఒక పండును వదలు ఆచారము కూడ ఆర్థికశాస్త్రమే. దురదృష్టవశమున చాలమంది ఎన్నడును తినని కాకరకాయను వదలి వత్తురు. నిజముగా వదలవలసినది దేనిని అని అడిగినచో, కాయలకంటె ముందు గుర్తుకు రావలసినవి గంటకొకసారి మ్రోగు చరవాణి, ఓరుగల్లు ఇంటి స్థలముల ధరల చర్చ.

అన్నసత్రముల విషయమున నిర్మొహమాటముగా చెప్పవలసినది కలదు. కాశిలో ఉచిత భోజనమునకు కొదువ లేదు. అన్నపూర్ణ పురి అది. దానిని చూచి, భోజనపు ఖర్చు శూన్యమని లెక్కవేసుకొని వచ్చు పింఛనుదారులు ఉన్నారు. కడుపు నిండునంత మాత్రమే దేహధారులకు స్వత్వమనియు, అంతకుమించి తనదనువాడు చోరుడనియు భాగవత సప్తమ స్కంధమున నారదుడు ధర్మరాజునకు బోధించినాడు. పింఛను దాచుకొని పంక్తిలో కూర్చున్నవాడు ఎవరి విస్తరిని ఆక్రమించుచున్నాడో ఆలోచింపవలెను. ఓరుగల్లులో ఆజంజాహి మిల్లు మూతపడినది. అటువంటి మిల్లులలో పనిచేసి, భవిష్యనిధి పింఛను పథకము క్రింద 2014లో నిర్ణయించిన కనిష్ఠము నెలకు 1,000 రూపాయలపై బ్రతుకు వృద్ధ కార్మికులు ఈ దేశమున కలరు. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలు. వారికి అయిదు భాగముల విభజనను బోధించుట క్రూరహాస్యము. ఆ విస్తరి వారిది. 20,500 వచ్చువాడు భుజించిన ప్రతి పూటకును వెల హుండీలో వేయవలెను. వేయుటయే కాక వడ్డించుటకు నిలువవలెను. క్షేత్రమున చేసిన పాపము వజ్రలేపమని పెద్దలు చెప్పుట ఊరక కాదు.

దంపతులలో ఒకరి నిర్ణయమును ఇద్దరి నిర్ణయముగా ప్రకటించుట మరియొక దోషము. భార్యను పుత్రులకు అప్పగించియో, వెంటగొనియో వెళ్ళవచ్చునని స్మృతి చెప్పినది. ఆమెను అడుగుమని చెప్పలేదు. ఈ లోపమును బృహదారణ్యకము పూరించుచున్నది. గృహము విడువబూనిన యాజ్ఞవల్క్యుడు ముందుగా మైత్రేయిని పిలిచి, ఆమెకును కాత్యాయనికిని ఆస్తి పరిష్కారము చేసి వెళ్ళెదనని చెప్పినాడు. ధనపూర్ణమైన భూమి యంతయు తనదైనను అమృతత్వము కలుగునా అని మైత్రేయి అడిగినది. కలుగదని, ఉపకరణములు గలవారు బ్రతుకునట్లు బ్రతుకగలవని మాత్రమే ఋషి సమాధానము. ఆ సంభాషణను మనము ఆత్మవిద్య కొరకు చదువుదుము, ఉచితమే. అయితే అది ఆస్తి పరిష్కారముతో ఆరంభమైనదని మరువరాదు. కాత్యాయనికి ఉపనిషత్తు అవసరము లేకపోవచ్చును. ఆమె భాగము ఆమెకు అవసరము. భార్యాభర్తల పేర వేర్వేరు ఖాతాలు, ఆమెకు తెలిసిన సంకేతసంఖ్యలు, వ్రాసియుంచిన వీలునామా, ఇవి లేకుండ ఘట్టము మెట్లు దిగువాడు యాజ్ఞవల్క్యుని మార్గమున లేడు.

అట్లే సంజయుడు లేకుండ ధృతరాష్ట్రుడు కూడ వనమునకు పోలేదు. అంధునకు త్రోవ చూపుటకు ఒకడు కావలసినాడు. చివరకు దావాగ్ని వచ్చినపుడు వృద్ధులు దహింపబడినారు. ఆ వార్త హస్తినకు చేరినపుడు ధర్మరాజు పడిన బాధ సామాన్యము కాదు. కాశిలో ఒంటరిగా నివసించు పెద్దలు సమీపమున ఒక తెలుగు కుటుంబముతోనో, ఆశ్రమముతోనో మాట చేసికొనుట, ఆసుపత్రి దారిని జ్వరము రాకముందే తెలిసికొనియుండుట అవసరము. డెబ్బది యేండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ 2024 అక్టోబరు నుండి ఆయుష్మాన్ పథకము క్రింద కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల చికిత్సాసౌకర్యము కల్పింపబడినది. ఏ రాష్ట్రములోనైనను పథకములో చేరిన ఆసుపత్రిలో అది చెల్లును. కాజీపేట రైల్వే విశ్రాంత ఉద్యోగులు ఈ విషయమున మరింత అదృష్టవంతులు. వృద్ధుల టికెట్టు రాయితీ 2020 మార్చిలో ఎత్తివేయబడినను వారికి ఉచిత ప్రయాణపత్రము ఉన్నది. రైల్వే వైద్యపథకములో చేరినచో వారణాసిలోని రైల్వే ఆసుపత్రి కూడ వారిదే. అమెరికాలో లేని స్వాతంత్ర్యము వారికి అక్కడ లభించును. ఎవరిని అడుగకుండ వైద్యుని వద్దకు పోవచ్చును, ఎవరిని అడుగకుండ గంగకు పోవచ్చును, కాళ్ళతోనే.

ఒక్క పని మాత్రము ఏ క్షేత్రమునకు వెళ్ళినను తప్పదు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ప్రతి సంవత్సరము నవంబరులో జీవన ప్రమాణ పత్రమును సమర్పింపవలెను. ఎనుబది దాటినవారికి అక్టోబరు నుండియే అవకాశమున్నది. పూర్వము దీనికొరకు బ్యాంకు వరకు వెళ్ళవలసియుండెను. ఇప్పుడు చరవాణిలో ముఖము చూపిన చాలును. మరణము కొరకు కాశికి వచ్చి కూర్చున్న వృద్ధుడు, కార్తిక మాసమున దీపములు వెలిగించి గదికి తిరిగివచ్చి, తాను ఇంకను జీవించియున్నానని ప్రభుత్వమునకు ముఖము చూపి నిరూపించుకొనుచున్నాడు.